ఎడమ సీట్లో మా టీచరమ్మ

మా డ్రైవింగ్ టీచరమ్మ చనిపోయారన్న కబురు పోయిన మంగళవారం పొద్దున వచ్చింది. ఫోన్ చేసింది నూర్జహానక్క. తిరుపతిలో వాళ్ళది గాజుల కొట్టు. టీచరమ్మ దగ్గర నాతోపాటు కారు నేర్చుకుంది. నేను రేణిగుంట గోడౌన్లో పనికి బయల్దేరి, అప్పుడే మా వీధి మలుపు తిరిగాను.

"చెల్లీ, బండి నడుపుతా ఉండావా?" అంది.

"అవునక్కా."

"పక్కన ఆపు ముందు."

నేను ఆపేదాకా ఆగి, ఆ తర్వాతే చెప్పింది. "టీచరమ్మ లేదు. పొద్దున టీ తాగి, అట్టనే కుర్చీలో తల వాల్చేసినాదంట."

నాకు ఏడుపు రాలేదు. భయం వేసింది. రోజూ నడిపే కారు అది. అయినా ఆ క్షణాన ఏ కాలు ఎక్కడ పెట్టాలో తోచలేదు. తాళం తీసి, కారు అక్కడే వదిలేసి, గోడ పట్టుకుంటూ ఇంటికి నడిచి వచ్చాను.

ఈ భయం ఎక్కడిదో చెబితేగాని ఆమె నాకు ఏమయ్యేవారో మీకు తెలియదు.

మా ఆయన లారీ డ్రైవరు. రేణిగుంట దగ్గర ఆయన బండిని ఇంకో లారీ గుద్దింది. ప్రాణం దక్కింది, కుడికాలు మాత్రం మునుపటిలా పని చెయ్యదు. ఆసుపత్రిలో ఆయన్ను చూసిన రోజు నుంచీ లారీ హారన్ వినబడితే రోడ్డు దిగి గోడవారన నిలబడిపోయేదాన్ని. ఇంటి ముందు మా పాత కారు పట్టా కప్పుకొని పడి ఉండేది. ఒకరోజు ఆయనే అన్నాడు. "సూడు మే, నేనింక స్టీరింగు పట్టుకోలేను. ఆస్పత్రికి పోవాలన్నా, పిల్లను దించాలన్నా ఒకరన్నా నేర్చుకోవాల. నువ్వే నేర్చుకో."

అలా టీచరమ్మ దగ్గరికి వెళ్ళాను. డ్రైవింగ్ స్కూలు నిజానికి వాళ్ళాయనది. ఆయన పోయాక మూసేస్తారని అందరూ అనుకుంటే, ఆమె బోర్డు మీద "ఆడవాళ్ళకు మాత్రమే" అని రాయించి తెరిచారు. అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, నూలు చీర, నుదుట చిన్న కుంకుమ బొట్టు. కారెక్కగానే చెప్పులు విప్పి వెనక పెట్టేవారు. మా చేత కూడా విప్పించేవారు. "పెడలు ఎంత లోపలికి పోతా ఉండాదో కాలికి తెలియాల," అనేవారు.

మొదటిరోజు నన్ను చూసి, "భయమా పాపా?" అని అడిగారు.

"చచ్చేంత భయం మేడం."

"మంచిదే. భయం లేనోళ్ళ పక్కన కూర్చోవాలంటే నాకు భయం."

ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళం అందరం నడివయసు వాళ్ళమే. ఇంట్లో పిల్లల్ని గదమాయించేవాళ్ళం ఆమె పక్కన కూర్చుంటే పిల్లలమైపోయేవాళ్ళం. గ్రౌండులో గేరు మార్చడం వచ్చాక కూడా నేను మెయిన్ రోడ్డు ఎక్కనని మొండికేశాను. ఆమె బలవంతం చెయ్యలేదు. "రోడ్డు యాడికీ పోదు. నువ్వు కూడా యాడికీ పోవాకు," అన్నారంతే.

నేర్పడం అయిపోయినా ఆమె మమ్మల్ని వదల్లేదు. హలో అనే అలవాటు లేదు, ఫోన్ ఎత్తగానే "యాడుండావు?" అనేవారు. ఇంట్లోనే అంటే, "బండి బయటికి తీసి ఎన్నాళ్ళాయ?" మా పాపకు జ్వరం వస్తే మిరియాల చారు కాచి తెచ్చారు. నా వంటింట్లో నిలబడే ఓ ముద్ద తిన్నారు. రంజాన్ నెలలో నూర్జహానక్క ఇంటికి సాయంత్రం వెళ్తే, తనకు ఉపవాసం లేకపోయినా వాళ్ళు నీళ్ళు ముట్టేదాకా తానూ ముట్టేవారు కాదు. టీచరమ్మకు భుజం పట్టేసి చెయ్యి పైకి లేచేది కాదు. మేము వెళ్ళినప్పుడల్లా అక్క ఆమెను గడప మీద కూర్చోబెట్టి తల దువ్వి ముడి వేసేది. "గట్టిగా లాగొద్దుమే, ఉండేదే నాలుగెంట్రుకలు," అని ఆమె గొణిగేవారు.

ఆదివారాలు నన్నూ నూర్జహానక్కనూ ఎక్కించుకుని వడమాలపేట దాకా తీసుకెళ్ళేవారు. అక్కడ రోడ్డు పక్కన ఒక టీ కొట్టు ఆమెకు ఇష్టం. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆమే నడిపేవారు, మేము కబుర్లు చెప్పేవాళ్ళం.

ఒక ఆదివారం నేర్పే కారు రిపేరుకని షెడ్డులో ఉంటే మా కారులో వెళ్ళాం. నేర్పే కారుకున్నట్టు దానికి ఎడమవైపు టీచరు తొక్కే ఇంకో బ్రేకు ఉండదు. టీ తాగి తిరిగి వస్తుండగా ఆమె ఉన్నట్టుండి కారు పక్కకు తీసి ఆపారు. మధ్యాహ్నపు ఎండలో ముఖం బూడిదరంగులో ఉంది. జాకెట్టు తడిసిపోయి వీపుకు అతుక్కుంది.

"పాపా, నువ్వు ఈ పక్కకు రా. ఎడంచెయ్యి లాగేస్తా ఉండాది. గుండెలో ఎవురో కూర్చున్నట్టుండాది."

"అంబులెన్స్‌కి ఫోన్ చేస్తాను మేడం."

"అది వచ్చేలోపల మనం పోతాం. ఎక్కు."

ఆమెను పట్టుకుని ఎడమ సీట్లోకి మార్చాం. అక్క వెనక నుంచి ఆమె రెండు భుజాలూ పట్టుకుంది. మా కారు అక్కకు అలవాటు లేదు. నేనే స్టీరింగు ముందు కూర్చున్నాను. నేను అంతవరకూ ఎక్కని రోడ్డు అది. మా ఆయన కాలు దెబ్బతిన్న రోడ్డు అది.

"చెప్పులు," అన్నారు ఆమె. విప్పాను.

కదిలించాను. లారీలు ఎదురొస్తుంటే కళ్ళు మూసుకోవాలనిపించేది. ఆమె గొంతు చిన్నగా వినబడుతూనే ఉంది. "రెండు... ఇప్పుడు మూడు... వాడు పోనీ... అద్దం సూడు." ఒక్కో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నారు. ఆ ఆగడం పెరిగేకొద్దీ నా చేతులు చెమటకు జారిపోతున్నాయి.

రేణిగుంట కూడలిలో బండి ఆగిపోయింది. నడిమధ్యలో. వెనక లారీ ఒకటే హారన్. ఆ హారనే. నాకు ఏదీ కనబడలేదు. తాళం తిప్పుతున్నాను, బండి ఒక్కసారి ఎగిరి మళ్ళీ ఆగిపోతోంది. టీచరమ్మ ఏమీ చెప్పడం లేదు.

"అక్కా, మేడం మాట్లాడతా ఉండారా?" అని అరిచాను. పక్కకు తిరిగి చూసే ధైర్యం లేదు.

అక్క గొంతులోనే దువా చదువుకుంటోంది. దాన్ని ఆపి, "ఊపిరుండాది. నువ్వు ముందుకు సూడు చెల్లీ," అంది.

అప్పుడు ఎడమ సీట్లోంచి ఒక్క మాట వచ్చింది. "న్యూట్రల్."

గేరులో ఉంచే తాళం తిప్పుతున్నానని అప్పుడు తెలిసింది. న్యూట్రల్ చేశాను. బండి స్టార్టయింది. అక్కడి నుంచి తిరుపతి ఆసుపత్రి దాకా ఆమె మళ్ళీ పలకలేదు. ఎలా నడిపానో ఈ రోజుకీ చెప్పలేను. గేటు దగ్గర స్ట్రెచరు మీద ఆమెను తీసుకెళ్ళాక స్టీరింగు మీదనుంచి నా వేళ్ళు ఊడిరాలేదు. అక్క ఒక్కొక్క వేలే విడదీసింది.

ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదని డాక్టరు అన్నారు. స్టెంటు వేశారు. మర్నాడు మమ్మల్ని లోపలికి పంపారు. ఆమె కళ్ళు తెరిచి నన్ను చూసి, "కూడల్లో హ్యాండ్ బ్రేకు వెయ్యలేదే నువ్వు," అన్నారు. నేను అప్పుడు ఏడ్చాను.

"మీకు భయం వెయ్యలేదా మేడం?"

"ఎందుకు వెయ్యదు? నిన్న ఒక్కరోజేనా? ఇన్నేళ్ళుగా రోజూ భయపడతానే కూర్చున్నా ఆ సీట్లో. పొద్దున కొత్తోళ్ళ పక్కన కూర్చునే ముందు ఒకసారి దేవుడికి దండం పెట్టుకుంటా. మీకు తెలిస్తే మీ కాళ్ళు ఇంకా వణుకుతాయని చెప్పలేదు."

నేను ఆ మాట మా ఆయనకు చెప్పాను. "లారీలో నేనూ అంతే మే," అన్నాడు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన భయం గురించి నాతో మాట్లాడింది అదే మొదలు.

ఆ తర్వాత ఆమె మళ్ళీ నేర్పలేదు. ఆదివారాలు మాత్రం మానలేదు. మేమిద్దరం వంతులేసుకుని నడిపేవాళ్ళం, ఆమె పక్కన కూర్చునేవారు. నాకు భయం తగ్గిందని మీరు అనుకోవచ్చు. తగ్గలేదు. ఆమెకూ భయమేనని తెలిశాక, నా భయం పక్కన కూర్చోవడానికి ఒక మనిషి దొరికారంతే. ఇప్పుడు ఆ మనిషి లేరు.

ఆ మంగళవారం మధ్యాహ్నం టీచరమ్మను పుత్తూరు అవతల ఉన్న వాళ్ళ పుట్టిన ఊరికి తీసుకెళ్ళారు. ఆమె తమ్ముడు అంబులెన్స్‌లో కూర్చున్నాడు. మేము వెనక కారులో వెళ్ళాలి. వీధి మలుపులో వదిలేసిన కారు దగ్గరికి మా ఆయన నాతో కుంటుకుంటూ వచ్చాడు. "నేనూ వస్తా, పద," అని వెనక ఎక్కాడు. పక్కన నూర్జహానక్క కూర్చుంది. చెప్పులు విప్పి, తాళం తిప్పాను.

అంబులెన్స్‌కి సైరన్ లేదు. తొందరలేని బండిలా నెమ్మదిగా పోతోంది. దాని వెనక తలుపు అద్దంలోంచి బంతిపూల దండ ఒకటి గతుకు వచ్చినప్పుడల్లా ఊగుతూ కనబడుతోంది. పుత్తూరు దాటాక ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉంది. అంబులెన్స్ డ్రైవరు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, దాటిపొమ్మని ఊపాడు. నేను దాటలేదు. కాసేపు చూసి అతను మళ్ళీ ఊపాడు. నేను కొంచెం దూరం ఉంచి, ఆ దండనే చూస్తూ, వెనకే నడిపాను.