జీతం పెరిగితే బోర్డు మారాలా

ఆ ఫ్రైస్ షాపులో ఆమెని అందరూ ఫ్రైసక్క అంటారు. పదకొండేళ్లుగా నూనె మరిగే ఫ్రయర్ ముందు నిలబడి బంగాళాదుంప ముక్కలు వేయించడమే ఆమె పని. మెషిన్ గంట కొట్టేదాకా ఆగదు. బుడగల చప్పుడు సన్నబడగానే బుట్ట పైకెత్తేస్తుంది. టైలరు పని చేసే మొగుడు ఎగతాళి చేస్తుంటాడు.

"చెవులతో వండేదాన్ని నిన్నొక్కదాన్నే చూశానే."

"నోటితో బట్టలు కుట్టేవాణ్ణి నేను రోజూ చూస్తున్నాగా," అంటుంది ఆమె.

ఈమధ్య వీధి చివర బట్టల గోడౌన్ తెరిచారు. చొక్కాలు మడతపెట్టి పెట్టెల్లో సర్దే పనికి అక్కడ ఇక్కడికన్నా బాగా ఎక్కువిస్తున్నారు. షాపులో పని నేర్చినవాళ్లంతా ఒక్కొక్కరే అటు జారుకున్నారు. ఆమెకీ కబురొచ్చింది. శనివారంలోగా ఏ సంగతో చెప్పాలి. ఇంటద్దె పెరిగింది, మొగుడికి కుట్టుపని తగ్గింది. వెళ్లాలంటే మనసొప్పడం లేదు, ఉందామంటే ఇల్లు గడవడం లేదు.

గురువారం మధ్యాహ్నం రద్దీ తగ్గాక ఓనరు దగ్గరికి వెళ్లింది. ఆమెకన్నా పదేళ్లు చిన్నవాడు.

"బాబూ, జీతం పెంచండి. లేకపోతే నేనూ గోడౌనుకి పోతాను."

అతను తల పైనున్న రేట్ల బోర్డు చూపించాడు. "జీతం పెంచితే ఆ అంకెలు మార్చాలక్కా. మారిస్తే జనం ఎదురు షాపుకి పోతారు. నిన్ను ఏడిపించడం నాకేమన్నా సరదానా?"

ఆమెకి నిజమే కదా అనిపించింది. బస్సు చార్జీ పెంచినప్పుడు తనూ రెండు నెలలు నడిచే వచ్చింది మరి.

తిరిగొచ్చేసరికి, చేరి మూడు రోజులైన కొత్తమ్మాయి బుట్టని నూనె మీదే పట్టుకుని ఉప్పు జల్లుతోంది.

"ఇక్కడేంటమ్మా ఉప్పు?"

"బల్ల దాకా మోయక్కర్లేదని, అక్కా."

ముందు చేరినవాళ్లూ ఇదే చేశారు. ఉప్పు పడిన నూనె తొందరగా నల్లబడుతుంది. ఆమె ఒక్కతే చూసుకున్న రోజుల్లో ఒకసారి పోసిన నూనె ఆరు రోజులొచ్చేది. ఇప్పుడు మూడు రోజులకే కంపు కొడుతోంది. ఆమె కాసేపు ఆ నూనెకేసి చూసి, ఓనరుని లోపలికి పిలిచింది.

"ఇది మంగళవారం పోసింది బాబూ. రంగు చూడండి. ఈ బకెట్ కూడా చూడండి, మాడినవన్నీ ఇందులోనే. పని చేతికొచ్చేసరికి గోడౌనుకి పోతారు. మళ్లీ కొత్త మనిషి, మళ్లీ మాడడం. మీరు పెద్ద జీతమే ఇస్తున్నారు. కాకపోతే మాకు కాదు, ఈ బకెట్‌కి."

"అయితే మీ అందరికీ పెంచాల్సిన జీతాలన్నీ ఇందులోనే ఉన్నాయంటావా?"

"అన్నీ ఉన్నాయని ఎలా అంటాను? నాకు లెక్కలు రావు. సగమన్నా ఉండవా?"

అతను శుక్రవారమంతా నూనె బిల్లులు ముందేసుకుని కూర్చున్నాడు.

శనివారం పొద్దున్న షట్టరు ఎత్తుతూ చెప్పాడు. "గోడౌనువాళ్లు ఇస్తామన్నంతా ఇస్తానక్కా. నీకొక్కదానికే కాదు, అందరికీ. నువ్వన్నది చాలావరకు నిజమే. మనుషులు నిలబడితే నూనెలో బాగానే మిగులుతుంది. అయినా ఇంకాస్త తక్కువవుతోంది. ఫ్రైస్ రేటు ముట్టుకోను. కూల్‌డ్రింకు మీద మాత్రం కొంచెం వేస్తున్నా."

"తాగేవాళ్లు తిట్టుకోరా?"

"తిట్టుకుంటారు. తిట్టుకుంటూనే తాగుతారు."

రావడం లేదని ఆమె గోడౌనుకి కబురంపింది.

సాయంత్రం పక్క బ్యాంకు వాచ్‌మన్ వచ్చాడు. రోజూ డ్యూటీ దిగి ఒక చిన్న గ్లాసు కూల్‌డ్రింకు తాగి ఇంటికెళ్లే ముసలాయన. చేతిలో చిల్లర పట్టుకుని బోర్డుకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.

"పెంచారా?"

"పెంచారు తాతా. మా జీతాల కోసమే," అంది. ఆ మాట దాచబుద్ధి కాలేదు.

"నీక్కూడా పెరిగిందా?"

"పెరిగింది."

ఆయన చిల్లర మళ్లీ జేబులో వేసుకున్నాడు. "మంచిదేలే. నువ్వూ ఎన్నేళ్లని నిలబడతావు. ఇకనుంచి రోజు విడిచి రోజు తాగుతా. ఇవాళ మంచినీళ్లియ్యి."

ఆమె గ్లాసు కడిగి నీళ్లు నింపి ఇచ్చింది. ఆయన తాగేదాకా పక్కనే నిలబడింది.