ఎస్తర్ కోసిన మూలలు

బోధన్‌లో వడ్రంగి కిరణ్ కుమార్‌ను చాలా కాలం అందరూ కిరణ్ మేస్త్రి అనే పిలిచేవారు. ఒక ఆదివారం చర్చిలో ఆరాధన ముగిసి జనం చెప్పులు వేసుకుంటుండగా, అతని మేనత్త గంగమ్మ పక్కనున్న ఆమెతో, "గీయననే, మన ఎస్తర్ పెనిమిటి" అంది. కిరణ్ నవ్వి ఊరుకున్నాడు. ఇంటికి వచ్చాక అన్నం సయించలేదు.

కిరణ్‌కు పని నేర్పింది తండ్రి. తలుపు చుట్టూ కొట్టే బీడింగ్ పట్టీలను మూల దగ్గర ఏటవాలుగా కోసి కలపడం అందులో కష్టమైన పని. గాడి చెక్కిన చెక్క దొన్నెలో పట్టీని పెట్టి, చేతి రంపంతో కోసేవాడు. రెండు కోతలు కలిసే చోట సన్నని సందు మిగిలితే లప్పం పెట్టి పూడ్చేవాడు. ఊళ్లో వడ్రంగులందరూ చేసేది అదే.

ఎస్తర్ పెళ్లయ్యాక కూడా రోజూ బస్సెక్కి నిజామాబాద్ పోయి, ఒక ఫోటో ఫ్రేముల కార్ఖానాలో పనిచేసేది. ఏటవాలు కోతలు కోసే కరెంటు మిషన్ మీద చేయి తిరిగింది ఆమెకు అక్కడే. కార్ఖానా మూతపడినప్పుడు ముసలి యజమాని ఆ మిషన్‌ను ఆమెకే ఇచ్చేశాడు. దాన్ని ఇంటి ముందు రేకుల షెడ్డులో బిగించుకుని, మొగుడి పనికి కావలసిన బీడింగులు కోసివ్వడం మొదలుపెట్టింది.

ఆమె కోసిన మూలలకు లప్పం అక్కర్లేకపోయింది. కిరణ్ ఎవరూ చూడకుండా ఆ మూలల మీద గోరు పెట్టి తడిమి చూసేవాడు. ఎక్కడో ఒకచోట సందులోకి గోరు దిగాలని కోరుకునేవాడు. దిగేది కాదు. రాను రాను ఇంటి ముందు బండి ఆపినవాళ్లు "ఎస్తరక్క ఉందా?" అని అడగసాగారు. తను గుమ్మంలోనే నిలబడి ఉన్నా తన భుజం మీదుగా లోపలికి చూసేవారు.

మిషన్ ముందు ఆమె పద్ధతులు చూసినా అతనికి ఒళ్లు మండేది. గాజులు తీసి గూట్లో పెట్టేది. కొంగు నడుముకు బిగించి, జుట్టు ముడేసి, కళ్లద్దాలు పెట్టుకునేది. పనికిరాని ముక్కను ముందు కోసి మూలమట్టంతో కోణం సరిచూసుకునేది.

"గింత కోతకు పెండ్లికి తయారైనట్టు తయారైతవేందే?" అనేవాడు.

"అది పండ్లున్న రంపం చక్రం. నన్ను చూసి ఆగుతదా?" అనేది ఆమె, పనిలోంచి తల ఎత్తకుండానే.

ఒక పొద్దున ఆమె నీళ్లు పట్టడానికి పోయినప్పుడు కిరణ్ షెడ్డులోకి వెళ్లాడు. మిషన్ తల కోణం జరగకుండా బిగించే మరను రెండు చుట్లు వదులు చేశాడు. ఒక్క మూలైనా చెడితే చాలనుకున్నాడు. అంతకుమించి ఏమీ ఆలోచించలేదు.

ఎస్తర్ వచ్చి, ప్లగ్ పెట్టకముందే అలవాటుగా మిషన్ తలను అటూ ఇటూ కదిపి చూసింది. అది ఊగింది.

"దీన్ని ఎవలన్న ముట్టిండ్రా?"

"నాకేం ఎరుక? పాతది. మర అరిగి ఉంటది."

ఆమె నమ్మింది. "అరిగింది బిగించినా నిలవదు. కోస్తుండంగ జరిగితే ఖతమే. కొత్త మర తెస్త" అని వైరు చుట్టిపెట్టి నిజామాబాద్ బస్సెక్కింది.

ఆమె పోయిన కాసేపటికి చెన్నకేశవరావు వచ్చాడు. కాలువ పక్క వలసవాళ్ల క్యాంపులో చెరకు పండించే రైతు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కొత్తింట్లో పూజగది తలుపుకు బీడింగ్ కావాలి, మర్నాడు పాలిష్ వాళ్లు వస్తున్నారు.

"ఎస్తరమ్మ లేదా? సరే, ఆవిడొచ్చాకే వస్తాలే."

"నేను లేనా సార్? నేను కోస్త."

"ఆ మిషను మీద ఎప్పుడైనా కోశావా?"

ఆ ప్రశ్నతో కిరణ్ ముఖం ఎర్రబడింది. "కూసోండ్రి. ఇప్పుడే అయితది" అని మర బిగించాడు. మరకు ఏ జబ్బూ లేదని తెలిసింది అతనికొక్కడికే.

పొడుగు పట్టీలు బాగానే తెగాయి. చక్రం వేగం అందుకోవడం, టేకు పొడి ఎగరడం, కోత నున్నగా రావడం చూసి అతనికి హుషారొచ్చింది. చివరికి బెత్తెడు ముక్కలు మిగిలాయి. అంత చిన్నవాటిని ఎస్తర్ ఎప్పుడూ చేత్తో పట్టుకునేది కాదు, క్లాంపుతో బిగించేది. క్లాంపు ఎదురుగానే ఉంది. అది పెడితే ఆమెలాగే చేసినట్టవుతుందని కిరణ్ ఎడమచేత్తోనే ముక్కను అదిమిపట్టి, చక్రం పూర్తి వేగం అందుకోకముందే కిందికి దించాడు.

చక్రం ముక్కను లాక్కుంది. ముక్క తిరగబడి ఎగిరిపోయి రేకు గోడకు తగిలింది. దాని వెంటే అతని చేయి చక్రం మీదికి జారింది. చెన్నకేశవరావు పరుగున వచ్చి ప్లగ్ పీకి, భుజం మీది తువ్వాలుతో చేయి చుట్టి, ఆసుపత్రికి తీసుకుపోయాడు. వేళ్లు దక్కాయి. బొటనవేలి గోరు ఊడింది, అరచేతికి కుట్లు పడ్డాయి.

ఎస్తర్ కొత్త మర పట్టుకునే ఆసుపత్రికి వచ్చింది. "అరిగిన మరతోటి ఎందుకు కోసినవయ్యా?" అని ఏడ్చింది. ఆ ఏడుపు కిరణ్ తట్టుకోలేకపోయాడు.

"అరగలేదు. నేనే వదులు చేసిన."

"ఎందుకు?"

"అందరు నిన్నే అడుగుతున్నరు."

ఎస్తర్ తన రెండు చేతులూ అతని ముందు చాపింది. "నేను చూస్కోకుంట కోసి ఉంటే? ఇవి పోయేటియి కద?"



ఆమె ఆ పూజగది పని ఒక్కతే పూర్తిచేసింది. ఇంట్లో అన్నం వడ్డించేది, మాట మాత్రం లేదు. కుట్లు తీసిన రోజున కిరణే షెడ్డులోకి పోయి, "నాకు చూపెట్టు" అన్నాడు. ఆమె చూపించింది. ఏమాత్రం వదిలిపెట్టలేదు. కోత అయ్యాక చక్రం పూర్తిగా ఆగకముందే మిషన్ తల పైకెత్తితే, "మళ్ల చెయ్" అని గద్దించేది. భార్య చేత మాట పడుతూ, లోపల ఉడుకుతూ నేర్చుకున్నాడు.

తర్వాత చెన్నకేశవరావు ఇంట్లోనే కిటికీల పని వచ్చింది. ఆయన భార్య రాధాకుమారి ఒక మూలను వేలితో తడిమి, "ఎంత బాగా కలిసిందో! నీ కోతేనా ఎస్తరమ్మా?" అంది.

"కాదమ్మా. మా ఆయన కోసిండు."

అది నిజమే. అయినా కిరణ్‌కు సంతోషం కలగలేదు. తనైతే ఆ పేరును అంత తేలిగ్గా వదులుకోగలిగేవాడు కాదు. ఆమెకు అదెలా చేతనైందోనని మళ్లీ కుళ్లు పుట్టింది.

కాలువ గట్టు మీద బండి నడుపుతూ ఆ మాటే చెప్పేశాడు. "నీ మీద కుళ్లు ఇంక పోలేదే."

"నీ మొఖం చూస్తే తెల్వదా?" అంది ఎస్తర్ వెనక నుంచి. "రేపు మోర్తాడ్‌ల ఒక ఇంటికి కొలతలు తీసుకోవాలె. జల్ది లెవ్వు, ఇద్దరం పోదాం."