మా మరదలూ, గబగబమ్మ చేతులూ

మా తమ్ముడి పెళ్ళయిన కొత్తలో, వాడు స్నానాల గదిలోంచి "తువ్వాలెక్కడుందీ?" అని కేకేశాడు. కొత్త పెళ్ళికూతురు పరుగెత్తుతుందని నేను చూస్తున్నాను. కుర్చీలోంచి అంగుళం కదలకుండా "ఎక్కడుండొచ్చంటారు?" అని తాపీగా అడిగింది. మావాడు తడి ఒంటితో కాసేపు ఆలోచించి, చివరికి తలుపు వెనకే కనిపెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మొగుడికి తువ్వాలందించని పొగరేమిటి ఈ పిల్లకి అనుకున్నాను. అది పొగరు కాదు, వృత్తి అని తరవాత తెలిసింది.

మా మరదలు ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ పేరు పలకలేక అందరూ థెరపీ మేడం అంటారు. మందులివ్వదు, సూదులు వెయ్యదు. బొత్తాం పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, పెన్సిలు జారిపోకుండా రాసుకోవడం, నలుగురి గోలలో బెదిరిపోకుండా కూర్చోవడం... ఎప్పుడు నేర్చుకున్నామో మనకి గుర్తు కూడా లేని ఈ పనులన్నీ, అవి ఎంతకీ రాని పిల్లలకి నేర్పుతుంది. తన థెరపీ సెంటరులో గది నిండా ఉయ్యాలలు, పెద్ద పెద్ద బంతులు, గింజలు పోసిన పళ్ళేలు, బట్టల క్లిప్పులు. మొదటిసారి వచ్చిన తల్లిదండ్రులు ఆ క్లిప్పులు చూసి మొహమొహాలు చూసుకుంటారు. "ఇవి మా ఇంట్లోనూ ఉన్నాయండీ" అని ఒకాయన నా దగ్గరికొచ్చి ఫిర్యాదు చేశాడు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నేను ఆ సెంటరులోనే ముందు బల్ల దగ్గర కూర్చుంటున్నాను. ఇంట్లోనూ ఆఫీసులోనూ మరదలి మొహమే చూసే భాగ్యం ఎంతమంది ఆడపడుచులకి దక్కుతుంది!

గబగబమ్మని మొదట చూసింది ఆ బల్ల దగ్గరే. పేరు నేను పెట్టిందే. పక్కన పదమూడేళ్ళ కూతురు, వెనక భర్త. నేను "కూర్చోండి" అనేలోపే ఆవిడ కూతుర్ని కూర్చోబెట్టి, జుట్టు సవరించి, నీళ్ళ సీసా మూత తీసి నోటికందించి, మూతి తుడిచేసింది. ఆ పిల్ల ఇదంతా తనకి కాదన్నట్టు కథల పుస్తకం చదువుకుంటోంది.

సంగతేమిటంటే, ఆ అమ్మాయికి తెలివికి లోటు లేదు, చేతులే మాట వినవు. వేళ్ళు ఒకటి చెయ్యబోయి ఇంకోటి చేస్తాయి, బూటు లేసు ముడి కూడా పడదు. బడివాళ్ళు పెద్ద తరగతుల పిల్లల్ని కొండల దగ్గర క్యాంపుకి తీసుకెళ్తున్నారు. అక్కడ ఎవరి పనులు వాళ్ళే చేసుకోవాలి, లేకపోతే తీసుకెళ్ళం అన్నారు. వెంటనే గబగబమ్మ "నేనూ వస్తాను, వంటకి సాయం చేస్తాను" అని బయల్దేరింది. "అమ్మొస్తే నేను వెళ్ళను" అని పిల్ల అన్నం మానేసింది.

"లేసుల్లేని బూట్లు కొనేద్దామండీ, గొడవొదిలిపోతుంది" అన్నాడు తండ్రి. ఆయన కాళ్ళకున్నవీ అవే.

మా మరదలు తల్లినీ తండ్రినీ వదిలేసి అమ్మాయి వైపు తిరిగింది. "నీకేం కావాలమ్మా?"

ఆ ప్రశ్న ఆ పిల్లకి కొత్తలా ఉంది. పుస్తకం మూసింది. "లేసులే కావాలి ఆంటీ. చిన్నప్పట్నుంచీ నావి చర్రుమని ఊడే పట్టీల బూట్లే. ఆ చప్పుడు వింటే క్లాసంతా నవ్వుతారు."

"అయితే లేసులే" అంది మా మరదలు.

తనకో పద్ధతుంది. ఏ పనైనా చివర్నుంచి నేర్పుతుంది. ముడంతా తనే వేసి, ఆఖరి లాగుడు మాత్రం పిల్లకి వదుల్తుంది. అది వచ్చాక దాని ముందుది, ఆ తరవాత దాని ముందుది. "ఎక్కడ మొదలుపెట్టినా పూర్తి చేసేది అమ్మాయే అవ్వాలి. 'అయింది' అని తన నోటితో తనే అనుకోవాలి" అని గబగబమ్మకి విడమరిచి చెప్పింది. చెప్పిన ప్రతి మాటకీ గబగబమ్మ తలూపింది. అంత చక్కగా తలూపేవాళ్ళని చూస్తే నాకు భయం.

వారాలు గడిచాయి. క్యాంపు దగ్గరపడింది. పిల్లకి మాత్రం ముడి రాలేదు. మా మరదలికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒకరోజు లేసు విప్పేసి, "ఇంట్లో ఎలా చేస్తావో అలా చెయ్యి, చూస్తాను" అంది.

అమ్మాయి రెండు లేసులూ ఒకదానిమీద ఒకటి చక్కగా వేసింది. వేసి, కాలు ముందుకి చాపి, పుస్తకం తెరిచింది.

"అదేమిటి?"

"అంతే ఆంటీ. మొదలుపెట్టేది నేను, పూర్తి చేసేది అమ్మ."

గబగబమ్మ మొహం చూడాలి! చెప్పినదంతా శ్రద్ధగా విని, ఇంటికెళ్ళి తు.చ. తప్పకుండా తలకిందులుగా చేసింది మహాతల్లి. "బడికి టైమైపోతుందండీ... నా చేతులు ఊరుకోవు" అంది. అంటూనే కూతురి కాలిదగ్గరికి వంగబోయింది. నాకు నవ్వాగలేదు. మా మరదలు నా వైపు చూసిన చూపుకి నోరు మూసుకున్నాను.

ఆ రోజు మా మరదలు పిల్లకి ఏమీ నేర్పలేదు. తల్లిని కూర్చోబెట్టింది. "మీకో పని చెప్తాను. పొద్దున్న అమ్మాయి తయారవుతున్నంతసేపూ మీరు టీ తాగాలి. నిండా పోసుకుని, రెండు చేతులా కప్పు పట్టుకుని, కూర్చుని తాగాలి. తన పని అయ్యేదాకా కప్పు కింద పెట్టకూడదు."

"టీయా? నా టీ ఎప్పుడూ పొయ్యి గట్టుమీదే చల్లారిపోతుందండీ."

"ఇక చల్లారదు."

ఇది వైద్యమైతే నేను రోజూ మూడు పూటలా తీసుకుంటున్నాననుకున్నాను. కానీ తరవాతిసారి వచ్చినప్పుడు గబగబమ్మ నా బల్ల దగ్గర ఆగి, చుట్టూ చూసి, తప్పు చేసినట్టు మెల్లగా అంది. "ఇది పుట్టాక వేడి టీ తాగలేదండీ నేను. ఇంత బాగుంటుందని మర్చేపోయాను." ఆవిణ్ణి అప్పటిదాకా ఎన్ని వేళాకోళాలాడానో తలుచుకుంటే నా మీద నాకే చిరాకేసింది. ఈ పిల్ల చేతులు ఎందుకిలా అయ్యాయని లోకం అడిగినప్పుడల్లా ఆవిడ తన చేతులతో జవాబు చెప్తూ వచ్చింది, అంతే కదా.

అమ్మాయి బొత్తాలు పెట్టుకుంది, వంకరగా. జడ వేసుకుంది, అదీ వంకరే. ముడి కూడా వచ్చింది. కానీ ఎవరైనా తొందరపెడితే చాలు, వేళ్ళు మళ్ళీ మొరాయించేవి. బడివాళ్ళు సరేనన్నారు. "చూద్దాం" అన్నట్టున్న సరే అది.

క్యాంపుకి వెళ్ళే రోజు పొద్దున్న, సెంటరుకి వెళ్తూ దారిలో బడి దగ్గర ఆగాం. నా కోసం ఆగానంది మా మరదలు. నేనేం అడగలేదు. బస్సు గేటు ముందుంది. పిల్లలందరూ ఎక్కేశారు. మన అమ్మాయి సంచీ మోసుకుంటూ ఆఖర్న వచ్చింది, వెనకే గబగబమ్మ. మెట్టెక్కబోతూ తన లేసు తనే తొక్కింది, ముడి ఊడిపోయింది.

అక్కడే, కింది మెట్టుమీద, కూర్చుంది. మొదటిసారి జారిపోయింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "త్వరగా, త్వరగా" అన్నాడు ఆటల మాస్టారు, జేబులోంచి గడియారం తీసి చూసుకుంటూ. రెండోసారీ జారిపోయింది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి. లోపల్నుంచి ఎవరో నవ్వారు. "అలా అయితే కష్టమమ్మా..." అని మాస్టారు ఆ పిల్లని దింపేసేలాగే ఉన్నాడు.

అప్పుడు ఒకావిడ గభాలున ముందుకెళ్ళి వంగి, ఆ లేసు మీద చెయ్యి వేయబోయింది. గబగబమ్మ అనుకుంటున్నారు కదూ? కాదు. మా మరదలు! సొంత మొగుడికి తువ్వాలందించని మనిషి!

వెయ్యబోయిన చేతిని గబగబమ్మ గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దండీ. తనకొచ్చు" అంది. మాస్టారి వైపు తిరిగి, "ఒక్క నిమిషం ఆగలేరా? ఎవరి పనులు వాళ్ళు చేసుకోవాలన్నది మీరే కదా" అని గదిమింది. మాస్టారు గడియారం జేబులో పెట్టుకున్నాడు.

అమ్మాయి తలెత్తలేదు. మడత వేసింది, చుట్టింది, దూర్చింది, లాగింది. "అయింది" అని ఎవరికీ కాకుండా అనుకుని, లేచి లోపలికెళ్ళిపోయింది. వెనక్కి కూడా చూడలేదు.

మా మరదలు తల దించుకుంది. జన్మలో మొదటిసారి నేను దెప్పలేదు.

బస్సు కదిలింది. కిటికీల నిండా చేతులూ కేకలూ. గబగబమ్మ కూతురి కిటికీ కోసం వెతుక్కుంటూ బస్సు పక్కనే నడిచింది. ఒక్క కిటికీలో మాత్రం ఎవరూ కనిపించలేదు, మన అమ్మాయిదే అయ్యుండాలి. సీటు కింద పడిపోయిందేమోనని నేను మునివేళ్ళమీద లేచి చూశాను. అమ్మాయి కిందకి వంగి, రెండో బూటు లేసు బిగించుకుంటోంది. తల్లికి చెయ్యి ఊపడానికి ఆ పిల్లకి చెయ్యి ఖాళీ లేదు.

బస్సు మలుపు తిరిగేదాకా గబగబమ్మ ఆ ఖాళీ కిటికీకి చెయ్యి ఊపుతూనే ఉంది. ఏడుస్తోంది. అంత సంతోషంగా ఏడ్చిన మనిషిని నేనింతవరకూ చూడలేదు.