కాలవకు అడ్డంగా వేసిన కట్ట

సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక మండలంలో కొంతకాలం తాసిల్దారుగా పనిచేశాను. అక్కడ పొలాల్లో నిలిచిన నీళ్ళన్నీ ఒకే మురుగు కాలవ గుండా సముద్రంలోకి పోవాలి. రొయ్యల గుంటలున్న ఒకాయన ఆ కాలవకు అడ్డంగా మట్టికట్ట వేసి తన గుంటను పెంచుకున్నాడు. ఎమ్మెల్యే గారికి దగ్గరి మనిషి.

వానలు మొదలవకముందే నోటీసు ఇచ్చాను. గడువు దాటాక కట్ట కొట్టించడానికి పొక్లెయిన్ మాట్లాడాను. నేనూ మా వీఆర్వో పొద్దున్నే వెళ్ళి ఎండలో నిలబడ్డాం. మిషను రాలేదు. ఫోన్ చేస్తే దాని ఓనరు నెమ్మదిగా చెప్పాడు.

"ఎమ్మెల్యే గారు వొద్దన్నారు మేడం. నేను ఈ ఊర్లోనే బతకాల గదా."

కాసేపటికి ఎమ్మెల్యే గారే ఫోన్ చేశారు. గొంతులో కోపమేమీ లేదు.

"తాసిల్దారమ్మా, ఆయన రొయ్య పట్టుబడికి వొచ్చుండాది. పట్టుకోనీ. కట్ట యాడికి పోతాది?"

"వానలొస్తే పొలాలు మునుగుతాయి సార్."

"వొస్తే చూద్దాంలే."

పైఅధికారికి చెప్పాను. ఆయన "కాస్త చూసుకుని వెళ్ళండమ్మా" అన్నారు. అలాంటి మాటలకు అర్థం అడగడం నేను ఎప్పుడో మానేశాను.

వాయుగుండం వచ్చింది. కొత్తగా వేసిన వరినాట్ల మీద నీళ్ళు నిలిచిపోయాయి. రైతులు రోడ్డు మీద బైఠాయించారు. నేను వెళ్ళి వాళ్ళతో మాట్లాడుతుండగా ఎమ్మెల్యే గారి కారు వచ్చి ఆగింది. ఆయన పంచె పైకి కట్టి, చెప్పులు విడిచి, మోకాటిలోతు నీళ్ళలోకి దిగారు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పలకరించారు. ఆ పేర్లలో సగం నాకు తెలియవు. తర్వాత నా వైపు తిరిగారు.

"ఏందమ్మా ఇది? పొలాలు మునిగిందాకా మీ ఆఫీసు ఏం జేస్తా ఉండాది?"

అందరూ నన్నే చూశారు. వీఆర్వో తల దించుకున్నాడు. జరిగింది చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. అక్కడ వాదనకు దిగితే కట్ట తెగడం ఇంకాస్త ఆలస్యమవుతుంది, అంతే.

"ఇప్పుడే కొట్టిస్తాను సార్" అన్నాను.

ఆయన ఒక్క ఫోన్ చేశారు. రానన్న మిషనే వచ్చింది. కట్ట తెగి నీళ్ళు ఉరుకుతుంటే జనం ఆయనకు చేతులు జోడించారు. ఒక పెద్దావిడ మాత్రం నా దగ్గరికి వచ్చింది.

"నువ్వు ముందే జేసుంటే ఇంతదాకా వొచ్చేది కాదు గదమ్మా" అంది.

నేను తలాడించాను. ఆవిడకు ఏం చెప్పినా సాకులాగే ఉంటుంది.

కారెక్కేముందు ఆయన నన్ను పక్కకు పిలిచారు.

"ఏమనుకోబాకమ్మా. నువ్వు ఇంకో ఊరికి పోతావు. మళ్ళా వాళ్ళ గడప తొక్కాల్సింది నేనే గదా."

అందులో అబద్ధం లేదు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక చాలలేదు.

"మళ్ళీ కట్ట వేస్తే సార్?"

"వెయ్యడులే" అన్నారు, కారెక్కి అద్దం పైకెత్తుకుంటూ.

పల్లంలో నాట్లు కుళ్ళిపోయాయి, మెరకలోవి బతికాయి. ఎండాకాలంలో నాకు బదిలీ వచ్చింది. నా స్థానంలోకి వచ్చిన తాసిల్దారు వయసులో చాలా చిన్నవాడు. చార్జి తీసుకుంటూ, "ఇక్కడ ఎమ్మెల్యే గారితో ఎట్టా ఉండాలి మేడం?" అని అడిగాడు. కాలవ చూపిస్తాను రమ్మన్నాను. గట్టు వెంట నడుస్తూ అతను ఫోన్లో ఫొటోలు తీసుకున్నాడు, ఉత్సాహంగా ఏవేవో అడుగుతూనే ఉన్నాడు. నాకు ఇంటికి వెళ్ళి పడుకోవాలనిపించింది.