మా ఆయన ఆపరేషన్

రెండో కాన్పులో నాకు రక్తం ఆగలేదు. నారాయణఖేడ్ దవాఖాన నుంచి సంగారెడ్డికి పంపారు. అక్కడ రక్తం ఎక్కించి బతికించిన డాక్టరమ్మ, ఇంటికి పంపేటప్పుడు మా ఆయన్ని పిలిచి చెప్పింది: "ఇంకో కాన్పు ఈమె తట్టుకోదు. మగవాళ్లకు కోతా కుట్లూ లేకుండా చేసే ఆపరేషన్ ఉంది, నువ్వు చేయించుకో." బయటికొచ్చాక ఆయన, "నీకెందుకు ఇంకో కష్టం, నేనే చేయించుకుంట" అన్నాడు. మా ఊళ్లో అలా అన్న మగవాణ్ణి నేనెరగను. ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నాకే సిగ్గు.

అప్పటికి మాది మెదక్ జిల్లా. ఊరు మనూరు దగ్గర. ఖేడ్‌లో మగవాళ్ల ఆపరేషన్ల క్యాంపు పెట్టిన రోజు ఆయన పొద్దున్నే ఆటోలో వెళ్లి, మధ్యాహ్నానికి లుంగీతో, కాళ్లు ఎడంగా వేసుకుంటూ దిగాడు. అత్తమ్మ ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని నడిపించింది. వారం రోజులు మంచం దిగనివ్వలేదు. పూటకో గుడ్డు, నాటుకోడి పులుసు. కంది కోతకు నేనొక్కదాన్నే వెళ్లాను, చంటిదాన్ని గట్టున పడుకోబెట్టి. సాయంత్రం వచ్చి ఆయన స్నానానికి నీళ్లు కాచేదాన్ని. మధ్యమధ్యలో మూలిగేవాడు కూడా.

మా చర్చివాళ్లలో ఒక అలవాటుంది. ఇంట్లో ఎవరికి ఆపరేషన్ అయినా కృతజ్ఞత కూటం పెడతారు. ఇలాంటి ఆపరేషన్‌కు పెట్టొచ్చా అని ఎవరికీ తెలియదు, అంతకుముందు ఎవరైనా చేయించుకుంటే కదా! నేనే పట్టుబట్టి పెట్టించాను. పాస్టరయ్య ఆయన తల మీద చెయ్యి పెట్టి గాయం జల్దీ మానాలని ప్రార్థన చేశాడు. ఆయన కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాడు. వెనక ఆడవాళ్లు నవ్వాపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

ఏడాది తిరక్కుండా నాకు నెల తప్పింది.

కడుపు కనబడ్డాక ఊరు ఊరికే ఉంటుందా? నల్లా దగ్గర నేను బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. "మొగనికి ఆపరేషన్ అయింది గదనే, మరి గిదేంది?" అని ఒకామె మొహం మీదే అడిగింది. నేను ఇంటికొచ్చి ఏడిస్తే ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. అత్తమ్మ గిన్నెలు తోముతూనే ఉంది. నేనేమో పిచ్చిదానిలా ఆయన మీదే జాలిపడ్డాను, లోపల ఎంత నలిగిపోతున్నాడో అని.

ఆపరేషన్ ఒక్కోసారి ఫెయిలవుతుందని, మగవాడికి పరీక్ష చేస్తే తెలిసిపోతుందని సబ్‌సెంటర్ నర్సమ్మ చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. "నడువు, ఖేడ్ పోదాం. పరీక్ష చేయిస్తే అందరి నోర్లు మూతపడ్తయి" అన్నాను.

"నేను చేయించుకోలే" అన్నాడు.

"ఏంది?"

"లైన్ల నిలబడ్డ. తాకత్ పోతది, మొగతనం ఉండదని అమ్మ ముందే చెప్పింది. భయమై వాపస్ వచ్చిన."

"అంటే అత్తమ్మకు ఎరుకేనా?"

"ఎరుకే."

భయపడ్డందుకు క్షమించేదాన్నేమో. భయం నాకు మాత్రం లేదా? ఊరంతా నన్ను అనుమానిస్తుంటే, ఒక్క మాటతో ఆపగలిగిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నాడు చూడండి, దానికి నా ఒళ్లు మండిపోయింది. కడుపు తీయించుకుందామంటే అప్పటికే నెలలు దాటాయి. "ఆదివారం చర్చిల లేచి నిజం చెప్పు. లేకుంటే పిల్లలను తీస్కొని మా అమ్మగారింటికి పోత" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాలప్పుడు లేచాడు. అందరి ముందు నిలబెట్టానని పాపం అనిపించింది కూడా. "నాకు ఆపరేషన్ అయింది మీ అందరికి ఎరుకే. అయినా దేవుడు మాకు బిడ్డనిస్తుండు. గిది అద్భుతం" అన్నాడు. చర్చి మొత్తం హల్లెలూయా అంది. నల్లా దగ్గర అడిగినామె కళ్లొత్తుకుంటూ వచ్చి నా కడుపు మీద చెయ్యి పెట్టి మొక్కింది. పరువు దక్కింది, అబద్ధంతో. కాదని నేను లేస్తే నమ్మేదెవరు? తల దించుకుని కూర్చున్నాను.

మూడో కాన్పుకు ముందే సంగారెడ్డి చేరాం. రక్తం తెప్పించి పెట్టారు. చర్చి నుంచి ఇద్దరాడవాళ్లు తోడొచ్చారు. నర్సు కాగితాలు రాస్తూ, "కాన్పయ్యాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయమంటావా?" అని నన్నడిగింది. నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది. ఉన్నవాళ్లిద్దరూ ఆడపిల్లలే, మనవడు పుట్టేదాకా ఆమె ఊరుకునేది కాదు. "వద్దు సిస్టర్, మా కొడుకుకు అయింది" అంది. తోడొచ్చినవాళ్లు అవునన్నట్టు తలూపారు.

నొప్పి తెరలు తెరలుగా వస్తోంది. మంచం కమ్మి పట్టుకుని లేచి కూర్చున్నాను.

"కాలే" అన్నాను. "ఆయనకు ఏ ఆపరేషనూ కాలే. నాకు చెయ్యండి."