తాడు లేదు, డూపు లేడు

మొన్న రియాద్ మెట్రోలో మలాజ్ బజారుకు వెళ్తున్నాను. సీటు దొరికిందన్న సంతోషంలో ఉండగా మా మేనకోడలు ఊరినుంచి ఒక వీడియో పంపింది. పాత థాయ్ ఫైటింగ్ సినిమా ముక్క. బక్కపలుచని హీరో మూడంతస్తుల మేడమీంచి ఉరుకుతాడు, కింద రేకుల కప్పుమీద పడతాడు, దొర్లి లేచి మళ్లీ పరుగు. దాని కింద ఆ పిల్ల రాసింది: "మామా, గీ సినిమ నాయినకు మస్తు ఇష్టమట గద. నిజంగనే తాడు లేకుంట దుంకిండా?" జవాబు రాయబోయి ఆ ముక్కనే మళ్లీ మళ్లీ చూశాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది.

ఆ పిల్ల నాయిన మా అక్క మొగుడు, నాకు బావ. మాది జగిత్యాల వైపు. రియాద్‌లో ఇద్దరం ఒకే క్లీనింగ్ కంపెనీలో ఉండేవాళ్లం. బావది తాడుకు వేలాడుతూ పెద్ద పెద్ద మేడల అద్దాలు తుడిచే పని. నాది స్టోర్. పొద్దున్నే ఆయనకు తాడూ బెల్టూ ఇచ్చి సంతకం తీసుకునేది నేనే. తాడును మూర మూరా తడిమి చూసుకుంటే తప్ప సంతకం పెట్టేవాడు కాదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు తిట్టుకునేవాళ్లు. నాకూ చిరాకు వేసేది, ఎందుకు దాచాలి.

అంత జాగ్రత్త మనిషికి ఆ సినిమా పిచ్చి ఎలా పట్టిందో తెలియదు. మలాజ్‌లో పాత సీడీలమ్మే బంగ్లాదేశీ దగ్గర కొన్నాడు. శుక్రవారం అన్నాలు తిన్నాక రూంలో ఎనిమిదిమందిమీ దాని ముందు కూర్చోవాల్సిందే. థాయ్ భాష ఎవడికి వచ్చు! మాతో ఉండే కడప డ్రైవర్ భాయ్ హీరోకు తన సొంత డైలాగులు చెప్పేవాడు, విలన్ చేత మా ఫోర్‌మన్‌ను తిట్టించేవాడు. బావ మాత్రం నవ్వేవాడు కాదు. "తాడు లేదు, డూపు లేడు. మనిషి గిట్లుండాలె" అనేవాడు. ఒకసారి హీరోలాగ మోచేత్తో కొబ్బరికాయ కొట్టబోయి వారం రోజులు మోచేతికి జిందాతిలిస్మాత్ మందు రాయించుకున్నాడు. కాయకు ఏమీ కాలేదు, దాన్ని తర్వాత పచ్చడి చేసుకున్నాం.

ఆయనకు అసలు సినిమా కథ అయిపోయాక మొదలయ్యేది. పేర్లు పడుతుంటే పక్కన షూటింగ్‌లో తగిలిన దెబ్బలు చూపించేవాళ్లు. హీరో ఎత్తునుంచి పడతాడు. నలుగురు ఉరికొస్తారు. కాసేపు కదలడు. ఆ తర్వాత పడుకునే చెయ్యెత్తి ఊపుతాడు. ఆ చెయ్యి లేచేదాకా బావ ఊపిరి బిగబట్టేవాడు, ఎన్నిసార్లు చూసినా అంతే. లేచాక "బతికిండు" అని చాయ్ పెట్టడానికి వెళ్లేవాడు.

ఇదంతా ఫోన్‌లో మా అక్కకు చెప్పేవాడు. తాడు లేదు అనగానే అక్కకు కోపమొచ్చేది. మా దిక్కు ఆడవాళ్లకు తాడంటే మెడలో పుస్తెల తాడే. "శుక్రారం పూట తాడు లేదు తాడు లేదు అనుకుంట, నోట్లె మన్ను వడ" అని తిట్టేది. బావ పగలబడి నవ్వి, ఇంకోసారి అనేవాడు.

అప్పటికి ఆయన తన కూతురిని ఫోటోలోనే చూశాడు. అక్క నిండు నెలలతో ఉండగా విమానం ఎక్కినవాడు. పిల్లకు మూడో ఏడు నడుస్తోంది, ఆ ఏడు దాటకముందే కొండగట్టులో పుట్టువెంట్రుకలు తీయించాలి. నాయిన లేకుండా తీయించేది లేదని అక్క పట్టు. బావ సెలవు అడిగాడు. సరిగ్గా అప్పుడే నితాఖత్ అని కొత్త రూలు వచ్చింది. సౌదీవాళ్లను ఎంతమందిని పెట్టుకున్నారన్న దాన్నిబట్టి కంపెనీలకు రంగులు వేశారు. మాది ఎరుపు. ఎరుపులో ఉన్నవాళ్లకు ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు, మళ్లీ కొత్తది ఇవ్వరు. సెలవు కాదు, ఏకంగా ఇంటికే పోతాను, దేశం దాటనిచ్చే ఎగ్జిట్ ఇవ్వండని బావ కాగితం పెట్టాడు. ఆఫీసులో పలకలేదు. ఎంబసీ దగ్గర వరుసలో నిలబడి మూడు రోజులు డ్యూటీకి పోలేదు.

ఆ వారమే మా కంపెనీ కాగితాలు చూసే సౌదీ నాకు ఫోన్ చేశాడు. రూంలో అరబ్బీ ఎంతోకొంత వచ్చినవాణ్ని నేనే, ఆ గొప్ప కూడా ఉండేది నాకు. స్టోర్‌లో ఏసీ గురగురమంటోంది. మీ బావకు ఖురూజ్ పడింది, రమ్మను అన్నట్టు వినిపించింది. ఖురూజ్ అంటే ఎగ్జిట్. మేము ఎదురుచూస్తున్న మాటే అది. ఇంకోసారి అడుగుదామని కూడా తోచలేదు. ఆయన అన్నది హురూబ్. పనివాడు పారిపోయాడని కంపెనీ రాయించే మాట. గడువులోగా వెళ్లి కాళ్లో వేళ్లో పట్టుకుంటే తీసేస్తారు, అందుకే పాపం ఆ మనిషి రమ్మన్నాడు. ఇంత చిన్న తేడా విననందుకు నా చెవులను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మేమేమో పండగ చేసుకున్నాం. బావ బతా బజారుకు వెళ్లి పిల్లకు గులాబీరంగు గౌను కొన్నాడు, గుండు మీదికి టోపీ కొన్నాడు. అట్టపెట్టె కట్టి, తాడు బిగించి, మీద తన పేరు రాసుకున్నాడు. టికెట్ ఎప్పుడిస్తారో కనుక్కుందామని తీరిగ్గా ఆఫీసుకు వెళ్తే గడువు దాటిందన్నారు. ఎంత బతిమిలాడినా వినలేదు. ఆయన బయటికొచ్చి ఫుట్‌పాత్ మీద కూర్చున్నాడు. నేను ఏడ్చాను. ఆయన ఏడవలేదు. "మీ అక్కకు జెప్పకు బామ్మర్ది. గీ అరబ్బు మాటలే గట్లుంటయ్, నీ తప్పేమున్నది" అన్నాడు.

పోలీసులకు దొరికితే నెలలు జైల్లోనే. ఎవరో హాయిల్‌లో గోధుమ పొలాల దగ్గర పనుంది, అక్కడ అడిగేవాళ్లుండరు, కాగితాలూ సరిచేస్తారు అన్నారు. వెళ్లాడు. పుట్టువెంట్రుకలకు మూడో ఏడు పోయింది, ఐదో ఏటికల్లా వస్తానని అక్కకు చెప్పాడు. అక్కడ ఎత్తయిన గోదాముల పైకప్పు రేకులు మార్చే పని. తాడిచ్చే స్టోర్ లేదు, సంతకం లేదు.

ఒకనాటి మధ్యాహ్నం అక్కడి పాకిస్తానీ ఒకాయన హిందీలో ఫోన్ చేశాడు. మీ మనిషి పైనుంచి పడ్డాడన్నాడు. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "హాథ్ ఉఠాయా క్యా?" చెయ్యి ఎత్తాడా అని. ఆయనకు అర్థం కాలేదు. అదే మాట ఎన్నిసార్లు అడిగానో. చివరికి, నహీ భాయ్, అన్నాడు.

శవపేటికకు కాగితాలు తయారు కావడానికి నెలలు పట్టింది. చివరికి ఆఫీసువాళ్లు నా చేతిలో పెట్టిన కాగితం మీద ఖురూజ్ అని ఉంది. మూడుసార్లు చదివాను. ఖురూజే.

సంవత్సరీకం అయ్యాక ఐదో ఏట పుట్టువెంట్రుకలు తీయించారు. మొదటి కత్తెర మేనమామే వెయ్యాలి, అప్పటికి వేరే కంపెనీకి మారిన నేను సెలవు మీద ఊరికొచ్చాను. నడుము దాకా పెరిగిన జుట్టు. పిల్ల నా ఒళ్లో కూర్చుని, "నాయిన వచ్చినంకనే తీస్తమన్నరు గద" అంది. బావ కొన్న టోపీ చేతిలో పట్టుకుని అక్క, "మామ వచ్చిండు గద బిడ్డా" అంది. నేను కత్తెర వేశాను. ఆ టోపీ పిల్లకు అప్పటికే చిన్నదైపోయింది.

మొన్న తర్వాతి స్టేషన్‌లో దిగి ఎండలో వెనక్కి నడిచాను. దారిలో బావ తుడిచిన మేడ ఒకటుంది. నీడకు నిలబడి, "అవును బిడ్డా, తాడు లేకుంటనే" అని రాసి పంపాను. అది సినిమా సంగతే అనుకుని ఉంటుంది. ఆనాడు ఫోన్లో నేను తప్పు విన్న సంగతి మాత్రం అక్కకు ఇంకా చెప్పలేదు. ఈ శుక్రవారం చెబుదాం, వచ్చే శుక్రవారం చెబుదాం అనుకుంటూనే పన్నెండేళ్లు గడిపేశాను.