మా బావ చూసిన కొంగల బారు

మా అక్క భర్త, నేను బావా అని పిలిచే మనిషి, పోయిన వారం కన్నుమూశారు. ఊపిరితిత్తుల జబ్బు. కబురు అందేసరికి నేను దువ్వాడలో క్లాసు చెబుతున్నాను. పాఠం సగంలో ఆపి బస్సెక్కాను.

విశాఖలో చేపల వేటకెళ్లే ఇంట పుట్టి, కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ అయ్యారాయన. తమ్ముడు మాత్రం వేట మానలేదు. డెబ్బైల చివర్లో ఒక తుఫానుకు ఆ తమ్ముడి పడవ తిరిగి రాలేదు. వెతకడానికి వెళ్లిన విమానం గాలికి తట్టుకోలేక వెనక్కొచ్చింది. పైలటుదీ ప్రాణమేనని బావ ఎవరినీ తప్పుపట్టలేదు. శవం దొరకలేదు.

ఆ తర్వాత ఆయన సాయంత్రాలన్నీ హార్బర్ గట్టు మీదే. బారులు తీరి గూళ్లకు తిరిగొచ్చే కొంగల్ని మీరూ చూసే ఉంటారు. వాటిని ఎలా చూడాలో నాకు నేర్పింది ఆయనే. ఆయనా నన్ను బావా అనే పిలిచేవారు.

"ఎనకది తిన్నగా ముందుదాని ఎనకాలే ఎగరదు బావా, సూడు. పక్కకి జరుగుతాది. ముందుదాని రెక్క కొసకాడ గాలి పైకి లేత్తాది. దాని మీద ఆనుకుంటే కట్టం తక్కువ."

ఆ బారు దాటిపోయాక అన్నారు: "మనిసి లేని ఇమానాలు ఇలా బారుగా ఎల్తే, అదే పెట్రోలుతో ఇంకా దూరం ఎతకొచ్చు. పోతే ఇమానమే పోద్ది."

తేలిక చెక్కతో, చిన్న ఇంజన్లతో, రేడియోతో నడిచే విమానాలు రెండు చేశారు. ముందుది ఆయన నడిపేవారు, వెనకది నేను. ముందుదాని సుడిగాలిలో చిక్కుకుని నాది పల్టీ కొట్టి కూలేది. ఆయన విసుక్కోకుండా రెక్కలు అతికించేవారు. పెళ్లి భోజనాల దగ్గర కూడా మాట్లాడుతూనే వేలు తడిచేసి గాలికి పెట్టి చూసే మనిషి.

ఎనభైల మధ్యలో ఒక ఉదయం నా విమానం ముందుదాని రెక్క కొస పక్కన కుదురుకుంది. ఇంజన్ తగ్గించినా కాసేపు వెనకబడలేదు. బావ నవ్వలేదు. "అప్పుడిది ఉంటే..." అని ఆగిపోయారు.

బావ వాళ్లమ్మ ఆ రోజు మా పక్కనే ఉంది. "ఇమానంలో మనుసులు నేకపోతే మావోడ్ని ఎవులు సూత్తార్రా?" అంది.

"కెమెరా సూత్తాదమ్మా."

"సూసి సెయ్యందిత్తాదా?"

"అందియ్యలేదు. యాడున్నాడో సెప్తాది. పడవెల్తాది."



బావ సాయం అడిగిన చోటల్లా వాటిని బొమ్మలన్నారు. తర్వాత ఆయనకు దగ్గు మొదలైంది. ఆ విమానాలు సముద్రం మీదికి వెళ్లనేలేదు.

దహనమైన మర్నాడు అస్థికలు ఏరడానికి వెళ్లాం. వద్దన్నా వాళ్లమ్మ వచ్చింది. ఇంకా వెచ్చగా ఉన్న నేల మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది. ఎండెక్కుతోందని అక్క లేపబోయింది.

"ఉండమ్మా. ఈడు యాడున్నాడో నాకు తెలుసు" అందామె. చెయ్యి మాత్రం తియ్యలేదు.